జాబుకు జవాబు ఎన్నాళ్లకు?

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఉరుముల వానలో ఎగరేసిన గాలిపటం. పిడుగుల నుంచి భవనాలను కాపాడే లోహపు కడ్డీ. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కింద సంతకం. 100 డాలర్ల నోటు మీద బొమ్మ. ఇవన్నీ జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉన్నవే. వాటిల్లో పెద్దగా కనిపించని సంగతి ఒకటుంది. 1737 నుంచి 1774 వరకు, అంటే 37 ఏళ్లు, ఆయన బ్రిటిష్ తపాలా శాఖ ఉద్యోగి.

మీలో కొందరు కొరియర్ హబ్బులోనో, ఆన్‌లైన్ షాపింగ్ సంస్థ గోదాములోనో ఉద్యోగం చూసుకుంటూ ఉండొచ్చు. ఇప్పటికే చేరిన వాళ్లూ ఉంటారు. అక్కడ రోజూ వినిపించే ప్రశ్న ఒక్కటే: టైముకు ఎన్ని చేరాయి? జీపీఎస్, బార్‌కోడ్, మొబైల్ ఏవీ లేని రోజుల్లో, గుర్రాలూ తెరచాప ఓడలే దిక్కయిన చోట ఫ్రాంక్లిన్‌కూ అదే ప్రశ్న ఎదురైంది. దానికి ఆయన ఎలా జవాబు వెతికాడో తెలుసుకుంటే ఈ రంగంలో పనికొచ్చే పాఠాలు చాలానే దొరుకుతాయి. ఆయన జీవితాన్ని ఈసారి తపాలా గుమ్మంలోంచి చూద్దాం.

రెండేళ్ల బడి, అన్న దగ్గర పని

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి జోసయా కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. ఆ ఇంట్లో మొత్తం 17 మంది పిల్లలు. ఫ్రాంక్లిన్ 15వ వాడు, మగపిల్లల్లో ఆఖరివాడు. బడికి వెళ్లింది రెండేళ్లే. 12 ఏళ్లకు అన్న జేమ్స్ అచ్చాఫీసులో పనివాడిగా చేరాడు. అన్నతో పడక 17 ఏళ్లకు ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరుకున్నాడు.

1729లో పెన్సిల్వేనియా గెజిట్ అనే పత్రికను కొన్నాడు. పత్రిక బాగానే ఉంది, కానీ పాఠకుడికి చేరాలి కదా? అక్కడొచ్చింది చిక్కు. ఊరి పోస్టుమాస్టరు ఆండ్రూ బ్రాడ్‌ఫర్డ్ కూడా ఓ పత్రిక నడిపేవాడు. పోటీ పత్రికను మోయొద్దని తపాలా రౌతులకు ఆయన హుకుం జారీ చేశాడు. ఫ్రాంక్లిన్ రౌతుల చేతిలో గుట్టుగా నాలుగు డబ్బులు పెట్టి తన పత్రికను పంపించుకోవాల్సి వచ్చింది. సరుకు ఎంత మంచిదైనా, దాన్ని చేర్చే దారి వేరొకరి గుప్పిట్లో ఉంటే వ్యాపారం ఎంత ఇరుకున పడుతుందో ఆయనకు అప్పుడే తెలిసింది.

1737లో పరిస్థితి తిరగబడింది. బ్రాడ్‌ఫర్డ్ తపాలా లెక్కలు సరిగా అప్పగించడం లేదని పైఅధికారి అలెగ్జాండర్ స్పాట్స్‌వుడ్ విసిగిపోయాడు. ఆ ఉద్యోగం ఫ్రాంక్లిన్‌కు ఇచ్చాడు. గమనించారా? బ్రాడ్‌ఫర్డ్ ఉద్యోగం పోవడానికి కారణం ఉత్తరాలు పోవడం కాదు, లెక్కలు చూపకపోవడం. ఫ్రాంక్లిన్ జీతం తక్కువే. కానీ వార్తలు త్వరగా అందాయి, చందాదారులు పెరిగారు.

మైళ్ల దారి కాదు, ఒక్క కాగితం

1753లో ఆయనకు పెద్ద బాధ్యత వచ్చింది. వర్జీనియాకు చెందిన విలియం హంటర్‌తో కలిపి బ్రిటన్ ప్రభుత్వం ఆయనను ఉత్తర అమెరికా వలస రాజ్యాల తపాలాకు డిప్యూటీ పోస్టుమాస్టర్ జనరల్‌గా వేసింది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 600 పౌండ్లు. అయితే ఒక మెలిక ఉంది. ఆ డబ్బు శాఖ లాభంలోంచే తీసుకోవాలి. అప్పటిదాకా అమెరికా తపాలా లండన్‌కు ఒక్క పౌండు లాభం పంపింది లేదు. అంటే జీతం కావాలంటే ముందు శాఖను నిలబెట్టాలి.

ఆయన మొదట కొన్నది కొత్త గుర్రాలను కాదు. ముందుగా పోస్టుమాస్టర్లందరికీ ఒకే రకం సూచనలు, ఒకే నమూనా లెక్కల ఫారాలు అచ్చువేయించి పంపాడు. ఏ ఊరి నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయి, ఏ ఊరికి ఎన్ని వెళ్లాయి, ఎంత వసూలైంది అనేవి అందరూ ఒకే తీరులో రాయాలి. ఎందుకంటే ఒక్కో ఊరు ఒక్కో తీరులో లెక్క రాస్తే రెండు ఊళ్లను పోల్చి చూడలేం. ఒక ఊరు పంపానన్న సంఖ్య, అవతలి ఊరు అందాయన్న సంఖ్య పక్కపక్కన పెడితే చాలు, తేడా ఎక్కడుందో కనిపిస్తుంది. ఇవాళ గోదాము నుంచి బండి ఎక్కేటప్పుడు ఒక స్కాన్, హబ్బులో దిగేటప్పుడు ఒక స్కాన్ ఎందుకు చేస్తారంటే కారణం ఇదే.

ఆ రోజుల్లో ఉత్తరాలను ఇంటికి తెచ్చివ్వడం మామూలు కాదు. జనమే పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి. ఎక్కువగా అందుకున్నవాళ్లే డబ్బు కట్టాలి. కాబట్టి ఎవరూ రాక మూలన పడున్న ఉత్తరం అంటే ఊరికి చేరినా మనిషికి చేరనట్టే. శాఖకు రాబడి కూడా సున్నా. ఫ్రాంక్లిన్ అలా మిగిలిన ఉత్తరాల తాలూకు పేర్లను పత్రికలో అచ్చు వేయించాడు. ఫిలడెల్ఫియాలో పెన్నీ పోస్టు మొదలుపెట్టాడు. ఎవరూ వచ్చి తీసుకోని ఉత్తరాన్ని అదనంగా ఒక పెన్నీ తీసుకుని ఇంటికే చేర్చేవారు. నేటి భాషలో చెప్పాలంటే లాస్ట్ మైల్ డెలివరీ.

ఆయన కొలబద్ద

ఇక అసలు విషయానికొద్దాం. తపాలా బాగా నడుస్తోందా లేదా అని తేల్చడానికి దేన్ని కొలవాలి? రౌతు ఎంత వేగంగా వెళ్లాడన్నది కొలవొచ్చు. సంచి ఎన్నింటికి బయల్దేరిందన్నది కొలవొచ్చు. కానీ ఫ్రాంక్లిన్ తన ప్రకటనల్లో జనానికి చెప్పిన లెక్క వేరు. మీరు ఉత్తరం రాస్తే, దానికి జవాబు మీ చేతికి ఎన్నాళ్లకు వస్తుంది? అంతే.

1755లో వచ్చిన మార్పు చూడండి. అంతకుముందు చలికాలంలో ఫిలడెల్ఫియా నుంచి న్యూఇంగ్లండ్ వైపు తపాలా పదిహేను రోజులకోసారి వెళ్లేది. దాన్ని ఏడాది పొడవునా వారానికోసారి చేశారు. దాంతో ఫిలడెల్ఫియా, బోస్టన్ మధ్య జాబుకు జవాబు రావడానికి పట్టే 6 వారాలు 3 వారాలకు తగ్గాయి.

ఇందులో కిటుకు గమనించండి. గుర్రాల వేగం రెట్టింపు కాలేదు. రోడ్లు మారలేదు. తగ్గింది ఎదురుచూపు. ఉత్తరం దారిలో గడిపే సమయం కంటే, తర్వాతి సంచి కోసం బల్ల మీద పడి ఉండే సమయమే ఎక్కువ. రౌతు వేగాన్ని మాత్రమే కొలిచి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. జవాబు కోసం ఎదురుచూసే మనిషి వైపు నుంచి కొలిచారు కాబట్టే నష్టం ఎక్కడ జరుగుతోందో తెలిసింది. మీరు ఇవాళ ఏ హబ్బుకు వెళ్లి చూసినా ఇదే పరిస్థితి. పార్శిల్ ఆలస్యం అయిందంటే డ్రైవర్ మీద కేకలేస్తారు. తీరా చూస్తే అది ముందు రోజు సాయంత్రం బండి మిస్సయి, రాత్రంతా గోదాములోనే ఉండిపోయి ఉంటుంది.

ఫలితం వెంటనే రాలేదు. మొదటి నాలుగేళ్లలో ఇద్దరు అధికారులూ సొంత జేబులోంచి 900 పౌండ్లకు పైగా పెట్టాల్సి వచ్చింది. సర్వీసులు పెంచితే ముందు ఖర్చే కనిపిస్తుంది. ఉత్తరం కచ్చితంగా చేరుతుందనే నమ్మకం జనంలో కుదిరాకే రాసేవాళ్లు పెరుగుతారు. 1761లో తొలిసారి మిగులు సొమ్ము లండన్‌కు వెళ్లింది. ఆయన పదవి పోయే నాటికి ఐర్లండ్ తపాలా ఇచ్చేదానికి మూడు రెట్ల నికర ఆదాయం అమెరికా నుంచి అందుతోంది.

ఇంకో సంగతి. 1757 నుంచి 1762 వరకు, మళ్లీ 1764 చివరి నుంచి 1775 వరకు ఆయన ఉన్నది లండన్‌లో. మధ్యలో సముద్రం. అయినా శాఖ నడిచింది. అమెరికాలో పని చూసుకునే సహచరులు ఉండటం, అందరూ ఒకే నమూనాలో లెక్కలు పంపడం అందుకు కారణం.

1600 మైళ్లు తిరిగి చూశాడు

లెక్కలు వస్తున్నాయి కదా అని కుర్చీలోనే కూర్చోలేదు. 1763లో అమెరికాలో ఉన్నప్పుడు, హంటర్ స్థానంలో వచ్చిన జాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌తో కలిసి తపాలా దారులను చూడటానికి బయల్దేరాడు. కూతురు శాలీ కూడా కొంత దూరం వెంట ఉంది. మొత్తం దాదాపు 1600 మైళ్ల ప్రయాణం. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. రోడ్ ఐలండ్‌లో కింద పడి భుజం కూడా తప్పింది.

ఆ పర్యటన తర్వాత వచ్చిన నిర్ణయం రాత్రి ప్రయాణం. అప్పటిదాకా రౌతులు పగలే వెళ్లేవారు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ మధ్య రాత్రి కూడా సంచి కదిలేలా చేశారు. సుమారు 100 మైళ్ల దూరంలో ఉన్న మనిషికి ఉత్తరం రాస్తే మర్నాటికే జవాబు అందుకోవచ్చు. ఇదే పద్ధతిలో బోస్టన్‌తో జాబు జవాబుల గడువును 3 వారాల నుంచి 6 రోజులకు దించాలన్నది తర్వాతి లక్ష్యం. ఇక్కడా కొలబద్ద మారలేదు. 6 వారాలు, 3 వారాలు, 6 రోజులు. ఒకే కొలతను పట్టుకుని ఉన్నందుకే ఎంత ముందుకు వచ్చామో చెప్పగలిగారు.

రెండు వారాల తేడా ఎక్కడిది?

ఆయన తపాలా జీవితంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం 1768లో జరిగింది. బోస్టన్‌లోని కస్టమ్స్ బోర్డు లండన్‌కు ఒక ఫిర్యాదు పంపింది. ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి న్యూయార్క్ వచ్చే ప్రభుత్వ తపాలా ఓడలు, లండన్ నుంచి రోడ్ ఐలండ్ వచ్చే వర్తక ఓడల కంటే మామూలుగా రెండు వారాలు ఆలస్యంగా వస్తున్నాయట. కాబట్టి తపాలా ఓడలను న్యూయార్క్‌కు బదులు రోడ్ ఐలండ్‌కే పంపండని బోర్డు సలహా.

మీరే ఆ సీట్లో ఉంటే ఏం చేస్తారు? ఫిర్యాదు వచ్చింది, పరిష్కారం కూడా వాళ్లే చెప్పారు. సరేనని రూటు మార్చేస్తే ఫైలు మూసెయ్యొచ్చు. ఫ్రాంక్లిన్‌కు మాత్రం ఆ తేడా నమ్మశక్యంగా అనిపించలేదు. న్యూయార్క్‌కు, రోడ్ ఐలండ్‌కు మధ్య ఉన్నది ఒక్క రోజు ప్రయాణం. పైగా వర్తక ఓడలు లండన్ నుంచి థేమ్స్ నది, ఇంగ్లిష్ చానల్ దాటుకుని రావాలి. తపాలా ఓడలు దేశం అంచునున్న ఫాల్మత్‌లోనే బయల్దేరతాయి. వర్తక ఓడల్లో సరుకు బరువెక్కువ, మనుషులు తక్కువ. ఏ రకంగా చూసినా తపాలా ఓడే ముందు రావాలి. మరి వెనకబడుతోందంటే కారణం రేవులో లేదు, దారిలో ఉంది.

ఎవరిని అడగాలి? అప్పుడు లండన్‌లో ఉన్న టిమతీ ఫోల్జర్ అనే నాంటకెట్ ఓడ కెప్టెన్‌ను అడిగాడు. ఫ్రాంక్లిన్ తల్లి వైపు బంధువే. నాంటకెట్ వాళ్లు తిమింగలాలను వేటాడేవాళ్లు. ఫోల్జర్ సమాధానం సూటిగా ఉంది. అమెరికా తీరం వెంబడి సముద్రంలో ఒక బలమైన ప్రవాహం ఉంది. తిమింగలాలు దాని అంచుల్లో తిరుగుతాయి కాబట్టి వేటగాళ్లకు ఆ ప్రవాహం ఆనుపానులు తెలుసు. తపాలా ఓడలు దాని మధ్యలో ఎదురీదుతూ వాళ్లకు కనిపించేవి. ప్రవాహం గంటకు 3 మైళ్లు. అంటే గాలి సరిగా లేని రోజున ఓడ ముందుకెళ్లిన దానికంటే వెనక్కి కొట్టుకుపోయిందే ఎక్కువ. పక్కకు తప్పుకోమని వేటగాళ్లు చెప్పి చూశారు. చేపలు పట్టేవాళ్లు మాకు చెప్పేదేమిటని ఇంగ్లిష్ కెప్టెన్లు పట్టించుకోలేదు.

అదే గల్ఫ్ స్ట్రీమ్. ఫోల్జర్ చేత దాని దారిని పటం మీద గీయించి, దాన్ని తప్పించుకునే సూచనలు రాయించి, ఫ్రాంక్లిన్ తపాలా శాఖ కార్యదర్శి ఆంథోనీ టాడ్‌కు పంపాడు. పటాన్ని అచ్చు వేసి ఫాల్మత్ కెప్టెన్లకు ఇచ్చారు. వాళ్లు మళ్లీ పక్కన పడేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. కొలత సరైనదే. కారణం దొరికింది. పరిష్కారానికి పెద్ద ఖర్చు కూడా లేదు. అయినా ఓడలు ఆలస్యంగానే నడిచాయి. ఎందుకంటే చుక్కాని పట్టుకున్న మనిషి నమ్మలేదు. డేటా అనలిస్టు కావాలనుకునే వాళ్లు మనసులో పెట్టుకోవాల్సిన విషయమిది. రిపోర్టు మెయిల్ చేస్తే సగం పనే అయినట్టు. బండి నడిపే డ్రైవరన్న, పార్శిల్ మోసే డెలివరీ కుర్రాడు దాన్ని నమ్మి దారి మార్చుకుంటేనే మిగతా సగం.

ఫ్రాంక్లిన్ విషయాన్ని అక్కడితో వదల్లేదు. 1775లో అమెరికాకు తిరిగొస్తూ థర్మామీటర్‌ను రోజుకు చాలాసార్లు సముద్రంలో ముంచి నీటి వేడిని నమోదు చేశాడు. ప్రవాహంలో నీళ్లు చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉన్నాయి. అంటే కంటికి కనిపించని ప్రవాహాన్ని థర్మామీటర్ పట్టిస్తుంది. 1776లో ఫ్రాన్స్ వెళ్తూ, 1785లో 79 ఏళ్ల వయసులో తిరిగొస్తూ కూడా కొలిచాడు. 1786లో ఆ వివరాలను పటంతో సహా ప్రచురించారు.

ఉద్యోగం పోయింది ఎందుకు?

ఇంత చేసినవాడికి ఉద్యోగం ఎలా పోయింది? ఉత్తరాల వల్లే. మసాచుసెట్స్ గవర్నర్ థామస్ హచిన్సన్ తదితరులు రాసిన కొన్ని వ్యక్తిగత ఉత్తరాలు ఎవరి ద్వారానో ఫ్రాంక్లిన్ చేతికొచ్చాయి. 1772లో ఆయన వాటిని బోస్టన్‌లోని తనవాళ్లకు పంపాడు. అవి అచ్చయ్యాయి, పెద్ద దుమారం లేచింది. పంపింది నేనేనని ఒప్పుకున్నాడు. 1774 జనవరి 29న లండన్‌లో ప్రివీ కౌన్సిల్ ముందు అలెగ్జాండర్ వెడర్‌బర్న్ ఆయనను నిండు సభలో తూర్పారబట్టాడు. ఫ్రాంక్లిన్ మౌనంగా నిలబడ్డాడు. ఒకటి రెండు రోజుల్లోనే తపాలా పదవి ఊడింది.

దీనిలో బ్రిటన్ రాజకీయ కక్ష ఉందన్నది నిజం. కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తపాలా అధికారి చేతి మీదుగా వేరేవాళ్ల ఉత్తరాలు బయటికెళ్లాయంటే జనం ఏమనుకుంటారు? టైముకు చేరడం ఒక్కటే నమ్మకం కాదు, రాసినవాళ్ల గుట్టు కాపాడటం కూడా నమ్మకమే. ఆయనలో లోపాలు ఇంకా ఉన్నాయి. కొడుకు విలియంకు, అన్న జాన్‌కు తపాలా ఉద్యోగాలు ఇప్పించుకున్నాడు. అప్పట్లో అది మామూలే అయినా, మనం మెచ్చుకోవాల్సిన విషయమేం కాదు.

1775 జులై 26న కాంటినెంటల్ కాంగ్రెస్ ఆయనను తమ తొలి పోస్టుమాస్టర్ జనరల్‌గా ఎన్నుకుంది. జీతం ఏడాదికి 1000 డాలర్లు. దాన్ని యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఇచ్చేశాడు. ఉత్తరాన న్యూఇంగ్లండ్ నుంచి దక్షిణాన సవానా వరకు తపాలా దారి వేయడం పని. యుద్ధ సమయంలో ఉత్తరం ఆలస్యమైతే పోయేది వ్యాపారం కాదు, ప్రాణాలు. 1776 చివర్లో ఆయన ఫ్రాన్స్ వెళ్లడంతో అల్లుడు రిచర్డ్ బేచ్ ఆ బాధ్యత తీసుకున్నాడు. ఫ్రాంక్లిన్ 1790 ఏప్రిల్ 17న, 84 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. 1847లో అమెరికా తొలిసారి తపాలా బిళ్లలు విడుదల చేసినప్పుడు 5 సెంట్ల బిళ్ల మీద ఆయన బొమ్మే వేశారు.

మీ పనిలోకి తెచ్చుకుంటే...

* కొలత ఎవరి వైపు నుంచి? బండి టైముకు బయల్దేరిందన్నది మీ లెక్క. సరుకు చేతికి ఎప్పుడొచ్చిందన్నది కస్టమర్ లెక్క. రెండోదే అసలైనది. టైముకు, పూర్తిగా చేరిందా అని చూసే ఆన్ టైమ్ ఇన్ ఫుల్ అనే కొలత ఉద్దేశం ఇదే. పది వస్తువుల్లో తొమ్మిదే చేరితే అది చేరనట్టే.

* సగటుతో మోసపోవద్దు. ఒక కొరియర్ ఐదు పార్శిళ్లను 4, 4, 4, 4, 4 రోజుల్లో చేర్చిందనుకోండి. ఇంకోటి 2, 2, 2, 2, 12 రోజుల్లో చేర్చింది. రెండింటి సగటూ 4 రోజులే. కానీ రెండోదాన్ని నమ్మి పెళ్లి బట్టలు పంపగలరా? సగటుతో పాటు అన్నిటికంటే ఆలస్యమైనవి ఎన్నో, ఎందుకో చూడండి.

* గడువు తేదీని మార్చొద్దు. ఆలస్యమని తెలిశాక కొత్త తేదీ వేసి, ఆ తేదీకి చేరింది కాబట్టి టైముకే అని రాసుకుంటే శాతం పెరుగుతుంది, సేవ పెరగదు. మొదట ఇచ్చిన మాటతోనే పోల్చండి.

* చేరనివాటినీ లెక్కలో ఉంచండి. డోర్ లాక్ అని తిరిగొచ్చినవి, అడ్రస్ దొరకక మూలన పడున్నవి తీసేసి శాతం కడితే అది నిజమైన శాతం కాదు. ఫ్రాంక్లిన్ వాటి పేర్లు పత్రికలోనే అచ్చు వేయించాడు.

* దారి తెలిసినవాళ్లను అడగండి. రెండు వారాల తేడాకు కారణం లండన్ ఆఫీసులో దొరకలేదు, తిమింగలాలు పట్టే కెప్టెన్ దగ్గర దొరికింది. మీ హబ్బులో ఏ వీధి ఎప్పుడు జామ్ అవుతుందో, ఏ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయదో డెలివరీ కుర్రాడికి తెలిసినంతగా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఇంటర్వ్యూలో డెలివరీ ఎలా మెరుగుపరుస్తారని అడిగితే వెంటనే కొత్త యాప్ పేరు చెప్పకండి. ముందు మీరు దేన్ని కొలుస్తున్నారు, ఎవరి వైపు నుంచి కొలుస్తున్నారు అని ఎదురు ప్రశ్న వేయండి. ఆ సంభాషణ అక్కణ్నుంచే మొదలవ్వాలి.